గీత కొట్టిన సున్నా

కాగితం మీద మాట సగంలో ఆగిపోయింది.

"హావెల్లా. మోటారు ఆగింది. హాగ్‌బార్ట్‌కి దెబ్బ తగిలింది. కొట్టుకుపోతున్నాం"

ఆ తరవాత ఏమీ లేదు. చుక్క కూడా లేదు. అచ్చు యంత్రం కాగితాన్ని ఒక వరస పైకి తోసి ఊరుకుంది.

ఇంగ్వాల్ ఆ ముక్క చింపి దీపం కిందకి తెచ్చి చూశాడు. తిరగేసి చూశాడు. వెనకేముంటుంది? తెల్లగా ఉంది.

హావెల్లా అనేది హాగ్‌బార్ట్ పడవ. వలలు వేసే చిన్న పడవ. దాని మీద మనుషులిద్దరే. ఒకడు హాగ్‌బార్ట్, రెండో మనిషి ఇంగ్వాల్ కూతురు సున్నివా. హాగ్‌బార్ట్ దెబ్బ తిని పడివుంటే ఈ మాటలు కొట్టింది సున్నివాయే.

"పిలుస్తూనే ఉన్నా. పలకటం లేదు," అంది అస్లౌగ్.

నార్వే ఉత్తర కొసన ఆ తీరంలో రేడియో స్టేషన్ అంటే అస్లౌగే. చెవులకి హెడ్‌ఫోన్లు, ఒళ్ళో సగం అల్లిన ఉన్ని తొడుగు. ఎంత గాలివాన వచ్చినా, ఎవరి పడవ మునిగినా ఆమె చేతులు అల్లుతూనే ఉండేవి. ఇవాళ సూదులు ఆగిపోయాయి.

"వాళ్ళ మాట్లాడే రేడియో పోయినట్టుంది," అంది ఆమె. "నీ పెట్టె ఒక్కటే పలికింది. అదీ సగమే."

పెట్టె ఇంగ్వాల్ కట్టిందే. అక్షరాల మీటలుంటాయి. పడవలో కూర్చుని మాట కొడితే రేడియో మీద స్టేషన్‌లోని కంప్యూటర్‌కి వస్తుంది. కంప్యూటర్ దాన్ని కాగితం మీద అచ్చేస్తుంది. ఆ ప్రోగ్రామ్ కూడా అతనే సీ అనే కంప్యూటర్ భాషలో రాశాడు. హేమంతం మొదటి నుంచి కొన్ని పడవలకి బిగించి చూస్తున్నారు. ముసలి పడవవాళ్ళు దాన్ని చూసి నవ్వారు. అయినా బిగించుకున్నారు.

బయట మధ్యాహ్నమే. ఆ ఋతువులో అక్కడ సూర్యుడు లేవడు గనక కిటికీ అవతల తారు పూసినట్టుంది. గాలి తూర్పు నుంచి కొడుతోంది. మంచు పలుకులు అద్దానికి ఇసక విసిరినట్టు తగులుతున్నాయి.

మాట్లాడే రేడియోలో ఎడ్విన్ గొంతు బరబరమంది. అతను రక్షణ పడవ నడుపుతాడు.

"పడమటికి పోతున్నా, అస్లౌగ్. తూర్పు గాలి. మోటారు ఆగిన పడవ గాలి ఎటు తోస్తే అటు పోతుంది. ఈపాటికి నడిసముద్రం దారి పట్టుంటారు. పక్కన పెట్టెల ఇంగ్వాల్ ఉన్నాడా?"

"ఉన్నాడు."

"ఒరేయ్ ఇంగ్వాల్, నీ పెట్టె మాట మింగి కూచుందటగా? కాడ్ చేప పొట్ట కోసినట్టు కోసి చూడు. మిగతాది లోపలుంటుంది."

అని నవ్వబోయాడు. పడవలో ఎవరున్నారో గుర్తొచ్చినట్టుంది, నవ్వు గొంతులోనే ఆగింది.

"తెస్తాన్రా పిల్లని," అన్నాడు. రేడియో ఊరుకుంది.

ఇంగ్వాల్ కుర్చీలో కూలబడ్డాడు. ఎడ్విన్ మాట చెవిలోంచి పోలేదు. పొట్ట కోసి చూడు.

పెట్టెలోంచి వచ్చే మాటకి చివర ఒక నిలువుగీత ఉంటుంది. ముగింపు మీట నొక్కితే ఆ గీత పడుతుంది. కంప్యూటర్ వచ్చిన అక్షరాలన్నిటినీ జ్ఞాపకంలో ఒక గదిలో పోసుకుంటుంది. ఆ గదిలో గీత ఎక్కడుందో వెతుకుతుంది. దొరికిందా, దాని ముందున్నదంతా అచ్చేస్తుంది. దొరకలేదా, సున్నా అని తనలో తను చెప్పుకుని ఇంకా వస్తుందేమోనని కాచుకుంటుంది. ఒక్క అక్షరం కూడా అచ్చెయ్యదు.

అచ్చేసింది గదా. అంటే గీత దొరికింది.

అంటే సున్నివా మాట ముగించినట్టు. కానీ ఆ పిల్ల చుక్క పెట్టకుండా మాట ముగించే రకం కాదు. అంగట్లో తెచ్చే సరుకుల చీటీలో కూడా చుక్కలు పెడుతుంది.

అతను తన ప్రోగ్రామ్‌ని తెరమీదకి తెచ్చుకున్నాడు. వెతికే వరస దగ్గర ఆగాడు. అందులో మూడు సంగతులు చెప్పాలి. ఎక్కడి నుంచి వెతకాలి, దేన్ని వెతకాలి, ఎంత మేర వెతకాలి. మూడూ సరిగ్గానే ఉన్నాయి. మళ్ళీ చదివాడు. సరిగ్గానే ఉన్నాయి.

కళ్ళు వరస మీద నిలవటం లేదు. చిన్నపిల్లాడిలా వేలు పెట్టి పెదాలు కదుపుతూ పైకి చదివాడు. గది మొదటి నుంచి. దేన్ని?

నోరు ఆ అక్షరాన్ని పలికింది. గీత అని పలకలేదు. ఓకీ ఏకీ మధ్య మూలిగినట్టుండే అక్షరం పలికింది.

ø.

సున్నాకి ఏటవాలుగా గీత కొట్టినట్టు, తెరమీద కళ్ళెదురుగా కూర్చుని ఉంది.

కంప్యూటర్లు పుట్టిన దేశంలో ఈ అక్షరం లేదు. అక్కడ నిలువుగీత ఉంది, దానికో సంఖ్య ఉంది. నార్వేవాళ్ళకి తమ అక్షరాలు కూడా కావలసివచ్చి, చోటు చాలక, ఈ అక్షరాన్ని తెచ్చి నిలువుగీత కుర్చీలోనే కూచోబెట్టారు. ఇద్దరికీ సంఖ్య ఒకటే. నూట ఇరవైనాలుగు. ఎవరు చూస్తే వాళ్ళకి కావలసింది కనపడుతుంది. సీ భాష రాసేవాళ్ళకి అది తెలియనిదేం కాదు. ఇంగ్వాల్‌కి అంతకంటే బాగా తెలుసు. తెరమీద వంకర బ్రాకెట్లు కూడా అక్షరాలుగానే కనపడతాయి. ఏళ్ళ తరబడి అలా చదివీ చదివీ, ø కనపడితే కన్ను దాన్ని గీతగానే తీసుకుంటుంది. అక్షరమన్న సంగతే పోయింది.

ఇన్నాళ్ళూ బయటపడలేదెందుకంటే పడవవాళ్ళు ఆ అక్షరం కొట్టరు. టెలిగ్రాముల కాలంనాటి అలవాటు. దాని బదులు రెండక్షరాలు జంటగా కొడతారు. తన పరీక్షలప్పుడు ఇంగ్వాల్ కూడా అలాగే కొట్టాడు.

సున్నివా అలా కొట్టదు. పెట్టె బిగించిన రోజున హావెల్లాలో తనే చెప్పాడు. "ఇందులో మన అక్షరాలన్నీ ఉన్నాయమ్మా. ముసలాళ్ళలాగా జంటలు కొట్టక్కర్లేదు. బళ్ళో నేర్చుకున్నట్టు రాయి." గర్వంగా చెప్పాడు. "సర్లే నాన్నా, నీ పెట్టె నీ ఇష్టం," అంది ఆ పిల్ల. ఇవాళ ఆమె ఆ అక్షరం కొట్టిన చోట కంప్యూటర్ ముగింపు గీత అనుకుని మాటని అక్కడే కోసేసింది.

"అస్లౌగ్," అన్నాడు. "అమ్మాయి మాట అంతా పంపింది. మింగింది నేను."

"మింగింది ఉందా, పోయిందా?"

"ఉంది. ఇంకో మాట వచ్చేదాకా ఉంటుంది. వచ్చేది దీని మీదే పడుతుంది."

అతని మాట ముగియకుండానే స్టేషన్ రేడియోకి తగిలించిన పెట్టె మీద పచ్చదీపం మిటకరించింది. ఎక్కడో ఎవరో మీటలు కొడుతున్నారు. ఇంగ్వాల్ లేచి నిలబడ్డాడు. చెయ్యటానికేమీ లేదు. అచ్చు యంత్రం టకటకమని కొట్టి ఆగింది.

"టెర్నెన్ రేవు చేరింది."

"దేవుడా," అంది అస్లౌగ్. మరో రోజైతే ఆ మాటకి సంతోషించేది.

"చిన్నది. మొదటి ముక్కే పోయుంటుంది," అన్నాడు ఇంగ్వాల్. తనకే చెప్పుకుంటున్నాడు. "అక్కడివరకూ ఎలాగూ అచ్చయింది. దాని తరవాతది ఉండాలి. ఉండాలి."

చెయ్యి చాపి రేడియో నుంచి కంప్యూటర్‌కి వచ్చే తీగ పట్టుకున్నాడు.

అస్లౌగ్ అతని మణికట్టు పట్టుకుంది.

"ఏం చేస్తున్నావు?"

"లాగేస్తున్నా. బయట పడవలన్నీ రేవుల్లోకి దూరుతున్నాయి. ఒక్కొక్కడూ చేరాం చేరాం అని కొడతాడు. ఒక్కడు పొడుగ్గా కొట్టాడా, అంతా తుడిచిపెట్టుకుపోతుంది."

"ఆ పిల్ల మళ్ళీ కొడితే? దానికున్నది ఆ పెట్టె ఒక్కటే గదా. చెవులు నువ్వే మూసేస్తావా?"

ఇంగ్వాల్ తీగ వదల్లేదు, లాగనూ లేదు. ఉంచితే పచ్చదీపం వెలిగినప్పుడల్లా కూతురి మాట చెరిగిపోవచ్చు. లాగితే కూతురు అరిచినా వినపడదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. ఇతనికి రెండు నూతుల్లోనూ ఒకే మనిషి.

"మళ్ళీ కొట్టినా మళ్ళీ ఆ అక్షరం దగ్గరే తెగుతుంది," అన్నాడు చివరికి. "దాన్ని రాయకుండా ఆ పిల్లకి రాదు."

తీగ లాగేశాడు. అస్లౌగ్ చెయ్యి తీసేసుకుంది. ఒళ్ళోని తొడుగు కింద పడితే తియ్యలేదు.

ఇంకో చిన్న ప్రోగ్రామ్ ఉంది. జ్ఞాపకంలో ఎక్కడేముందో సంఖ్యల్లో చూపిస్తుంది. దాన్ని పిలిచాడు. మళ్ళీ ఆ మూడు ప్రశ్నలే. ఎక్కడి నుంచి? గది మొదటి నుంచి. దేన్ని? నూట ఇరవైనాలుగుని.

ఎంత మేర?

ఇక్కడ వేలు ఆగిపోయింది. గది ముందు చిన్నదిగా కట్టాడు. తరవాత చాలదని పెద్దది చేశాడు. ఈ కంప్యూటర్‌లో ఉన్నది పాతదో కొత్తదో గుర్తు రావటం లేదు. చిన్న గదిని పెద్దదనుకుని గట్టు దాటించాడా, యంత్రం మొరాయించి మళ్ళీ మొదటికొస్తుంది. మొదటికొస్తే జ్ఞాపకమంతా తుడిచేసుకునే లేస్తుంది. దాంతోపాటు సున్నివా మాట కూడా.

చిన్న మేరే కొట్టాడు.

ఒకటి దొరికింది. దాని చుట్టూ ఉన్న సంఖ్యల్ని అక్షరాలుగా మార్చుకుంటూ చదివాడు. అది టెర్నెన్ చివర పడ్డ గీత. దాని వెనకాలే, తల తెగిన చేపలా, పాత మాట మొండెం ఉంది. "... గింది. హాగ్‌బార్ట్‌కి దెబ్బ తగిలింది. కొట్టుకుపోతున్నాం ..."

"ఉంది," అన్నాడు.

అక్కడి నుంచి మళ్ళీ వెతికించాడు. ఇంకోటి దొరికింది. ఈసారిది గీత కాదు. అక్షరం. వాళ్ళ భాషలో తూర్పు అన్న మాటకి మొదటి అక్షరం.

"తూర్పుకి," అని చదివాడు. "కొట్టుకుపోతున్నాం తూర్పుకి. గాలికి ఎదురు."

"గాలికి ఎదురెలా పోతార్రా!" అంది అస్లౌగ్.

"ఆగు. 'వల ప్రొపెల్లర్‌కి చుట్టుకుంది. కింద వేలాడుతోంది. నీళ్ళు వలని లాగుతున్నాయి.'"

ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. పోటు వేళ. నీళ్ళు తూర్పున తీరాల మధ్య ఇరుకు సందులోకి తోసుకుపోతున్నాయి. కింద అంత వల వేలాడుతుంటే పడవ గాలి మాట వినదు, నీటి మాట వింటుంది. సందులో సెల్‌షేర్ బండలున్నాయి.

అస్లౌగ్ అప్పటికే మైకు అందుకుంది. "ఎడ్విన్! వెనక్కి తిరుగు. తూర్పుకి. సెల్‌షేర్ వైపు."

"గాలి ఇటుంటే అటెలా పోతారే? ఎవరు చెప్పారు?"

"పిల్ల చెప్పింది."

ఎడ్విన్ గొంతు మారింది. "తిరుగుతున్నా. సెల్‌షేర్ అంటే ఏ పక్క? ఉత్తరమా, దక్షిణమా? మధ్యలో నా పడవ పట్టదు. తప్పు పక్కకి పోతే చుట్టు తిరిగి వచ్చేసరికి బండలు వాళ్ళని నమిలేస్తాయి. పక్క చెప్పండి నాకు."

ఇంగ్వాల్ తెర చూస్తున్నాడు. "బండల మీద దీపం కనిపిస్తోంది. దీపం" అన్నచోట మేర అయిపోయింది. మళ్ళీ వెతికిస్తే యంత్రం సున్నా ఇచ్చింది. ఇక లేదు. ఈ గట్టు లోపల లేదు.

సెల్‌షేర్ దీపం దక్షిణం నుంచి చూస్తే ఎర్రగా ఉంటుంది. ఉత్తరం నుంచి చూస్తే పచ్చగా ఉంటుంది. పసిపిల్లలకి కూడా తెలుసు. ఒక్క రంగు చాలు. ఆ రంగు గట్టు అవతల ఉంది.

"ఇంగ్వాల్," అంది అస్లౌగ్. చెప్పు అని కాదు. పేరు పిలిచింది, అంతే.

అప్పుడే పచ్చదీపం వెలిగింది. తీగ ఊడదీసినా పెట్టె మీద దీపం వెలుగుతుంది. ఎవరో కొడుతున్నారు. దీపం మిటకరించింది, ఆగింది, మళ్ళీ మిటకరించింది. ఎవరో తెలియదు. రేవు చేరిన ముసలాడెవడో కావచ్చు. కాకపోవచ్చు. ఇద్దరూ దాన్నే చూస్తూ ఉండిపోయారు. ఇంగ్వాల్ చెయ్యి తీగ వైపు దానంతటదే వెళ్ళింది. దాన్ని రెండో చేత్తో పట్టుకుని ఒళ్ళోకి లాక్కున్నాడు. దీపం ఆరిపోయింది.

గట్టు దాటేలా మేర కొట్టాడు. పెద్దగా కాదు, కొంచెమే. మీట నొక్కేముందు కళ్ళు మూసుకున్నాడు.

యంత్రం పడిపోలేదు. ఒక సంఖ్య వచ్చింది. దొరికింది.

వాళ్ళ భాషలో ఎరుపుకీ పచ్చకీ రెండింటికీ నడుమ ఆ అక్షరమే. రెండింటిలోనూ దాని ముందు 'ర' ఉంటుంది. ఆ 'ర'కి ముందు 'గ' ఉంటే పచ్చ, ఏమీ లేకపోతే ఎరుపు. దొరికిన చోటు నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు. నూట పద్నాలుగు. 'ర'. అది ఉంటుందని తెలుసు. ఇంకో అడుగు వెయ్యాలి. మీట మీద వేలు పెట్టాడు.

నొక్కాడు.

ముప్పైరెండు.

"ఖాళీ," అన్నాడు. "'ర'కి ముందు ఖాళీ. ఎరుపు, అస్లౌగ్. ఎరుపు. దక్షిణం!"

అస్లౌగ్ అరిచింది. ఎడ్విన్ విన్నానన్నాడు.

ఇంగ్వాల్ తీగ మళ్ళీ తగిలించాడు. పచ్చదీపం వెలగలేదు. దాన్నే చూస్తూ కూర్చున్నాడు. పొయ్యి మీద కాఫీ మాడి వాసన వస్తున్నా ఎవరూ లేవలేదు. ఒకసారి కరెంటు దీపాలు మసకబారి మళ్ళీ వెలిగాయి. తెర నల్లబడి, యంత్రం మొదటి నుంచి లేచింది. జ్ఞాపకమంతా కడిగేసుకుని, కొత్తగా, ఏమీ ఎరగనట్టు. ఇందాక గాని ఇలా అయివుంటే!

ఎడ్విన్ గొంతు వచ్చేసరికి అస్లౌగ్ ఒక్క ఉదుటున ముందుకి వంగింది.

"చూశా. బండలకి రాయి విసిరేంత దూరంలో ఉన్నారు. పిల్ల గొడ్డలి పుచ్చుకుని వల నరుకుతోంది. తాడు అందుకుంది." కాస్త ఆగాడు. "హాగ్‌బార్ట్ తల పగిలింది గాని బతికే ఉన్నాడు. తిడుతున్నాడు. ఇంగ్వాల్, విన్నావుట్రా?"

ఇంగ్వాల్ విన్నాడు. మైకు అస్లౌగ్ వైపు తోశాడు.

"విన్నాడు," అంది అస్లౌగ్. కింద పడ్డ తొడుగు తీసుకుని, సూదుల మీంచి జారిపోయిన కుట్లు ఒక్కొక్కటే ఎక్కించుకోసాగింది.

రేవులో సున్నివాని దింపినప్పుడు పిల్ల చేతుల నిండా రక్తం. హాగ్‌బార్ట్‌ది కొంత, తాళ్ళు కోసినది కొంత. స్టేషన్‌లోకి తెచ్చి పొయ్యి పక్కన కూచోబెట్టి దుప్పటి కప్పారు. అస్లౌగ్ కొత్త కాఫీ పెట్టింది. సున్నివా కప్పు రెండు చేతుల్తో పట్టుకుంది. పళ్ళు కప్పు అంచుకి టకటక కొట్టుకుంటున్నాయి.

"అలా చూడకు నాన్నా. బతికే ఉన్నానుగా," అంది. "నేను రాసింది అంతా వచ్చింది గదా? అక్షరాలన్నీ సరిగ్గా రాశాను. నువ్వు చెప్పినట్టే."

"వచ్చింది," అన్నాడు ఇంగ్వాల్.

"రెండోసారిది?"

ఇంగ్వాల్ అస్లౌగ్ వైపు చూశాడు. అస్లౌగ్ కాఫీకుండ వైపు చూసింది.

"రెండోసారిదా?"

"బండలు దగ్గరయ్యాక. వల తెగకపోతే ఇంక... అప్పుడు రాశాను. జవాబొస్తుందేమోనని చూశాను." కప్పులోకి చూస్తూ అంది. "రాలేదు. సర్లే, పనిలో ఉండి ఉంటావనుకున్నా."

"అది రాలేదమ్మా. తీగ లాగేశాను. మొదటిది చెరిగిపోతుందని."

సున్నివా కప్పు కింద పెట్టింది.

"ఏం రాశావు?" అని అడిగాడు.

"ఏం లేదులే," అంది. దుప్పటి చెవుల దాకా లాక్కుని పొయ్యి వైపు తిరిగింది.

ఆమె నిద్రపోయాక ఇంగ్వాల్ తెర ముందు కూర్చున్నాడు. ప్రోగ్రామ్‌లో గీతని తీసేసి, ఏ దేశంలోనూ ఎవరికీ అక్షరం కాని ఒక సంఖ్యని ముగింపుగా పెట్టాడు. అది అయ్యాక లేచి వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. మళ్ళీ ఆ చిన్న ప్రోగ్రామ్‌ని పిలిచాడు. ఎక్కడి నుంచి? మొదటి నుంచి. దేన్ని? నూట ఇరవైనాలుగుని. ఎంత మేర? గది అంతా.

తీగ లేనప్పుడు వచ్చింది అందులో ఉండదని అతనికి తెలుసు. అయినా మీట నొక్కాడు.

సున్నా వచ్చింది.